పన్ను తీసిన తర్వాతి మూడు రోజులు

పన్ను తీయించుకోవాలంటే భయపడని మనిషి అరుదు. పంటి పోటుతో రాత్రంతా నిద్ర లేకుండా గడిపినవాళ్ళు కూడా, తెల్లారేసరికి కాస్త ఉపశమనం కనిపిస్తే చాలు, డాక్టరు దగ్గరికి వెళ్ళడం వాయిదా వేస్తారు. లవంగం నొక్కిపెట్టుకుని, ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర ఏదో ఒకటి మింగి వారాలకు వారాలు నెట్టుకొస్తారు. ఆ భయమంతా కుర్చీలో కూర్చునే అరగంట గురించే. సూది గుచ్చుతారని, పట్టకారుతో పట్టి లాగుతారని. తీరా పన్ను బయటికి వచ్చేశాక 'హమ్మయ్య, గండం గడిచింది' అనుకుని ఇంటికి వెళ్ళి, ఆ సంగతే మరిచిపోవాలని చూస్తారు. నా ఉద్దేశంలో ఈ భయం ఉండవలసిన చోట లేదు. కుర్చీలో గడిచే అరగంట పూర్తిగా డాక్టరు చేతిలోని పని, దాన్ని నొప్పి లేకుండా జరిపించే సాధనాలు ఇవాళ ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. ఆ తర్వాతి మూడు రోజులు మాత్రం మన చేతిలో ఉంటాయి. తప్పించుకోగలిగిన బాధ చాలావరకు వచ్చేది అప్పుడే, అదీ మేలు చేస్తున్నామనుకుని చేసే పనుల వల్లే.

కుర్చీ మీద భయం ఊరికే పుట్టలేదు, నిజమే. 1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణంలో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడ్ వాయువు పీల్చి, తన పన్నునే తీయించుకుని చూశాడు. అంతకుముందు పన్ను తీయడమంటే, మెలకువగా ఉన్న మనిషిని కదలకుండా పట్టుకుని పెరికేయడమే. 1884లో కొకైన్‌తో ఒక్క భాగాన్నే మొద్దుబార్చవచ్చని తేలింది. 1905లో ప్రొకెయిన్, 1943లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త నీల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేసిన లిగ్నొకెయిన్ వచ్చాయి. మండల కేంద్రంలోని చిన్న క్లినిక్‌లో సైతం ఇప్పుడు వాడేది ఆ లిగ్నొకెయినే. మత్తు ఎక్కువసేపు నిలవడానికీ రక్తం తక్కువ కారడానికీ అందులో కొద్దిపాటి ఎడ్రినలిన్ కలుపుతారు. సూది వేసిన కాసేపటికి కొందరికి గుండె దడదడలాడటం ఆ ఎడ్రినలిన్ వల్లే, నిమిషాల్లో సర్దుకుంటుంది. ఈ మందు నొప్పిని మోసే సన్నని నరపు పోగులను బాగా ఆపుతుంది, ఒత్తిడిని తెలిపే లావు పోగులను అంతగా ఆపదు. అందుకే నొప్పి తెలియకపోయినా నొక్కుతున్నట్టు, కదుపుతున్నట్టు తెలుస్తూనే ఉంటుంది. నిజంగా నొప్పే అనిపిస్తే చెయ్యెత్తి చెప్పాలి, ఇంకొంచెం మందు వేస్తారు. చీము పట్టిన చోట కణజాలం ఆమ్లంగా మారడంతో మందు సరిగా పనిచేయదు. అలాంటప్పుడు వాపుకు దూరంగా, నరం మొదట్లో సూది ఇస్తారు. ఖాళీ కడుపుతో వెళ్ళవలసిన పని లేదు. ఆ ఒక్క భాగానికే మత్తు ఇచ్చేటప్పుడు తేలిగ్గా తిని వెళ్ళడమే మంచిది, కళ్ళు తిరగకుండా ఉంటుంది.

పై పన్ను తీయిస్తే కంటిచూపు పోతుందన్న భయం ఇంకొకటి ఉంది. తెలుగునాట దీన్ని నమ్మేవాళ్ళు ఇప్పటికీ తక్కువేమీ కాదు కాబట్టి దాన్ని తోసిపుచ్చి ఊరుకోకుండా జవాబు చెప్పాలి. ముఖానికి స్పర్శనిచ్చే నాడి, మెదడు నుంచి వచ్చేవాటిలో అయిదోది. అది మూడు కొమ్మలుగా చీలి, ఒకటి నుదురు, కంటి పరిసరాలకూ, రెండోది పైదవడకూ, మూడోది కింది దవడకూ పోతుంది. చూపును మోసే నాడి వేరే, అది రెండోది, దానికీ పళ్ళకూ సంబంధం లేదు. మరి ఈ నమ్మకం ఇంతకాలం ఎలా నిలిచింది? నలభై దాటాకే చాలామందికి పళ్ళు తీయించుకునే అవసరం వస్తుంది, చత్వారమూ ఆ వయసులోనే మొదలవుతుంది. ఒకదాని వెనుక ఒకటి వచ్చినవాటిని కార్యకారణాలుగా ముడిపెట్టడం మనిషికి సహజం. అసలు ప్రమాదం అటువైపు ఉంది. పైదవడలో చీము పట్టిన కోరపన్నును అలాగే వదిలేస్తే వాపు చెంప మీదుగా కంటి కిందికి పాకగలదు.

ఇక పన్ను తీయడం ఎలా జరుగుతుందో తెలిస్తే, ఆ తర్వాత ఏం కాపాడుకోవాలో అర్థమవుతుంది. పన్ను ఎముకకు అతుక్కుని ఉండదు. పంటి వేరుకూ దవడ ఎముకకూ మధ్య సన్నని నారపొర ఉంటుంది, దాని మందం మిల్లీమీటరులో నాలుగో వంతు దరిదాపుల్లో ఉంటుంది. డాక్టరు మొదట ఆ పొరను తెంపి, పన్నును అటూ ఇటూ వత్తుతూ చుట్టూ ఉన్న ఎముకను కొద్దికొద్దిగా వెడల్పు చేస్తారు. నేలలో పాతిన గుంజను ముందు కదిపి కదిపి వదులు చేసి ఆ తర్వాత పైకెత్తినట్టే ఇదీను, ఇందులో బలంకన్నా ఓపిక ముఖ్యం. వేళ్ళు వంకరగా ఉంటేనో, జ్ఞానదంతం ఎముకలో అడ్డంగా ఇరుక్కుంటేనో, చిగురు కోసి, పన్నును ముక్కలుగా చేసి తీసి కుట్లు వేస్తారు. ఎలా తీసినా చివరికి మిగిలేది ఒక గుంత. దాని గోడలు వట్టి ఎముక, వాటిమీద తెగిన నరాల కొసలు. ఆ గుంత రక్తంతో నిండుతుంది, ఆ రక్తం నిమిషాల్లో గడ్డకడుతుంది.

ఆ గడ్డే అసలు మందు. రక్తం ఆగడానికి అది మూత అని అందరికీ తెలుసు. అంతకుమించిన పని అది చేస్తుందని చాలామందికి తెలియదు. గడ్డలోని సన్నని దారాల అల్లిక మీదుగానే కొత్త కణాలు, కొత్త రక్తనాళాలు గుంతలోకి పాకుతాయి. వారం తిరిగేసరికి గడ్డ స్థానంలో మెత్తని ఎర్రని కణజాలం చేరుతుంది. మూడు నాలుగు వారాల్లో పైన చిగురు మూసుకుంటుంది. లోపల ఎముక నిండటానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఇంత నిర్మాణమూ మొదటి రోజు కట్టిన గడ్డ నిలవడం మీద ఆధారపడి ఉంది. మొదటి రోజుల్లో అది జెల్లీలాగా బలహీనంగా ఉంటుంది, కాస్త పీల్చినా, గట్టిగా పుక్కిలించినా ఊడిపోగలదు. ఊడిపోయినా, లోపలే కరిగిపోయినా ఎముక, నరాల కొసలు గాలికీ అన్నం మెతుకులకూ నేరుగా తగులుతాయి. డాక్టర్లు డ్రై సాకెట్ అనేది దీన్నే. మామూలుగా పన్ను తీసినప్పుడు నూటికి ఇద్దరి నుంచి అయిదుగురి దాకా దీని బారిన పడతారు. కింది జ్ఞానదంతాల విషయంలో ఆ సంఖ్య చాలా ఎక్కువ, కొన్ని అధ్యయనాల్లో నూటికి ముప్ఫై దాకా వెళ్ళింది.

మొదటి ఇరవైనాలుగు గంటల జాగ్రత్తలన్నీ ఆ గడ్డ కోసమే. పన్ను తీయగానే పెట్టిన గాజ్ గుడ్డ మడతను అరగంట నుంచి ముప్పావుగంట దాకా గట్టిగా కరిచి పట్టుకోవాలి. నిమిషానికోసారి తీసి చూసుకోవద్దు. తీసిన ప్రతిసారీ అప్పుడే అతుక్కుంటున్న గడ్డ దానితో పాటు లేస్తుంది. తర్వాత ఒకరోజు దాకా ఉమ్ములో ఎరుపు జీర కనిపించడం మామూలే. ఒక్క చుక్క రక్తం నోటినిండా లాలాజలంలో కలిస్తే అంతా రక్తంలాగే కనిపించి కంగారు పెడుతుంది. ఇక్కడే మనవాళ్ళకు ఒక చిక్కుంది. రక్తం కలిసిన ఉమ్మును మింగడం అసహ్యం, అపచారం కూడా. అందుకని గిన్నె పక్కన పెట్టుకుని గంటల తరబడి ఉమ్ముతూనే ఉంటారు. ఉమ్మడానికి బుగ్గలు లోపలికి పీల్చినప్పుడల్లా నోట్లో ఏర్పడే లాగుడు గడ్డను కదుపుతుంది, కదిలితే మళ్ళీ రక్తం, మళ్ళీ ఉమ్మడం. ఆ కొద్దిపాటి రక్తం మింగితే ఏ హానీ లేదు. ఆగకుండా కారుతుంటే శుభ్రమైన గుడ్డ మడత తడిపి పెట్టుకుని మరో అరగంట కరిచి పట్టుకోవాలి, దానికీ ఆగకపోతే డాక్టరుకు ఫోన్ చేయాలి. ఆ రాత్రి తల కొంచెం ఎత్తుగా పెట్టి పడుకోవాలి. చెంప మీద బయటినుంచి గుడ్డలో చుట్టిన ఐసు పది పదిహేను నిమిషాలు పెట్టి, అంతసేపూ తీసేస్తూ ఉండాలి. వాపు కనిపించగానే కాపడం పెట్టే అలవాటు మనది, మొదటి రోజున అది రక్తాన్ని మళ్ళీ అక్కడికి రప్పిస్తుంది. వేడికి మూడో రోజు నుంచి చోటుంది. వాపు రెండు మూడు రోజుల దాకా పెరిగి ఆ తర్వాతే తగ్గుతుందని ముందే తెలిస్తే రెండో రోజు అద్దంలో చూసుకుని బెంబేలెత్తనవసరం లేదు.

నోరు పుక్కిలించకపోతే కుళ్ళిపోదా అని అడుగుతారు. శుభ్రత మనకు పెద్దలు నేర్పిన మంచి గుణం, అయినా ఈ ఒక్కరోజు అది ఎదురుతిరుగుతుంది. నోట్లో కోట్లాది సూక్ష్మజీవులు ఎప్పుడూ ఉంటాయి. పన్ను తీసినందువల్ల కొత్తగా వచ్చిపడేవి కావు, ఎంత పుక్కిలించినా పూర్తిగా పోయేవీ కావు. ఆ గుంతను వాటినుంచి కాపాడేది గడ్డ, అందులో చేరిన తెల్లకణాలు. నీళ్ళ ఉరవడితో ఆ రక్షణనే కడిగేసుకోవడం శుభ్రత కిందికి రాదు. ఇరవైనాలుగు గంటలు దాటాక మాత్రం గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి, తిన్న ప్రతిసారీ నోట్లో పోసుకుని, తలను అటూ ఇటూ వంచి, గరగరలాడించకుండా జారవిడవాలి. మిగతా పళ్ళను ఆ రాత్రి నుంచే మెత్తని బ్రష్‌తో తోముకోవచ్చు. క్లోర్‌హెక్సిడిన్ నోటిమందు డ్రై సాకెట్‌ను తగ్గిస్తుందనడానికి ఆధారాలున్నాయి, పన్ను తీయడానికి ముందూ తర్వాతా ఎలా వాడాలో డాక్టరు చెప్పినట్టు వాడితే మేలే.

తిండి దగ్గర మన సంప్రదాయం కొంత మేలూ కొంత కీడూ చేస్తోంది. పుండు ఉన్నప్పుడు పప్పు తింటే చీము పడుతుందని, పెరుగు తింటే వాపు వస్తుందని అంటారు. చీము సూక్ష్మజీవుల వల్ల వస్తుంది, పప్పు వల్ల రాదు. పైగా గాయం పూడటానికి కావలసిన మాంసకృత్తులు శాకాహారి ఇంట్లో ఆ పప్పులోనూ పెరుగులోనూ ఉన్నాయి. వాటిని మాన్పించి రెండు రోజులు కాఫీ, బ్రెడ్డుతో గడిపించడం పథ్యం అనిపించుకోదు. నిజానికి మన వంటింట్లో ఈ అవసరానికి సరిపోయేవి చాలా ఉన్నాయి. మెత్తగా పిసికిన చల్లని పెరుగన్నం, చల్లార్చిన రాగిజావ, పప్పుకట్టుతో కలిపిన మెత్తని అన్నం, పాలలో నానిన ఇడ్లీ, గుడ్డు పొరటు. తిమ్మిరి పూర్తిగా వదిలాకే తినాలి, లేకపోతే తెలియకుండా పెదవినో నాలుకనో కొరుక్కుంటాం. పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. మొదటి రోజు పొగలు కక్కే టీ, కాఫీ వద్దు. ఆవకాయ, కారప్పొడి నాలుగు రోజులు దూరం పెట్టాలి. అటుకులు, మరమరాలు, జంతికల్లాంటి పలుకు మిగిలే తిండి గుంతలో చేరుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా పీల్చి తినేవి మానాలి. కొబ్బరినీళ్ళు ఎంతో మంచివి, గ్లాసులో పోసుకుని తాగాలి, బొండంలో పుల్ల పెట్టి పీల్చకూడదు. వేసవిలో రసాలు జుర్రుకోవడం, పులుసులో మునక్కాడ పీల్చడం వారం తర్వాత. ఇది చాదస్తంలా వినిపించవచ్చు, కానీ పీల్చినప్పుడు నోట్లో పుట్టే లాగుడు ఉమ్మినప్పటి లాగుడు లాంటిదే.

పొగాకు దగ్గర మెత్తగా మాట్లాడటం సరికాదు. సిగరెట్టు, బీడీ పీల్చడంలో లాగుడు ఒక కీడు, నికోటిన్ రక్తనాళాలను బిగించి గుంతకు రక్తం అందనివ్వకపోవడం మరో కీడు. పొగతాగేవాళ్ళలో డ్రై సాకెట్ ఎక్కువని అధ్యయనాలు మళ్ళీ మళ్ళీ చూపించాయి. పొగ లేదు కదా అని గుట్కా, ఖైనీ, జర్దా కిళ్ళీ బుగ్గన పెట్టుకునేవాళ్ళకు ఆ పొడి నేరుగా పుండులోకే పోతుంది, ఉమ్మడం ఎటూ తప్పదు. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే స్త్రీలు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళ నోటికి వేడి దెబ్బ అదనం. ఇరవై ఏళ్ళ అలవాటును పన్ను కోసం మానమంటే ఎలా అంటారు. కనీసం మూడు రోజులు, వీలైతే వారం ఆపగలిగితే ఆ గడ్డకు అవకాశం దొరుకుతుంది. ఆ వారం ఎలా గడపాలో పన్ను తీయకముందే డాక్టరుతో మాట్లాడుకోవడం సిగ్గుపడాల్సిన సంగతి కాదు.

నొప్పికి ఏం వాడాలన్నది వైద్యశాస్త్రం చాలా లోతుగా పరీక్షించిన విషయం. కొత్త నొప్పి మందులు వచ్చినప్పుడు వాటిని పరీక్షించడానికి జ్ఞానదంతం తీయించుకున్న యువతీయువకులనే ఎంచుకోవడం దశాబ్దాలుగా ఆనవాయితీ, కాబట్టి ఈ నొప్పి మీద ఉన్నంత ఆధారం మరే నొప్పి మీదా దొరకడం కష్టం. జ్ఞానదంతాల నొప్పికి పారాసెటమాల్‌కన్నా ఐబుప్రొఫెన్ బాగా పనిచేస్తుందని, రెండూ కలిస్తే ఇంకా మేలని, అధ్యయనాలన్నిటినీ కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ 2013లో వెలువరించిన సమీక్ష తేల్చింది. మామూలు మోతాదు ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు, దాంతో పారాసెటమాల్ 500. తిమ్మిరి వదలకముందే మొదటి మాత్ర వేసుకోవడం తెలివైన పని, నొప్పి ముదిరాక దాన్ని దించడం కష్టం. కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్ళు, గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు మాత్రం ఐబుప్రొఫెన్ జోలికి సొంతంగా వెళ్ళకూడదు. ఆస్పిరిన్ మాత్రను పంటి దగ్గర అదిమిపెట్టే అలవాటు చిగురును కాల్చేస్తుంది.

అందరూ అడిగి మరీ రాయించుకునే యాంటీబయాటిక్ సంగతి వేరు. 2021లో సవరించిన కొక్రేన్ సమీక్ష ప్రకారం, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో ఇరుక్కున్న జ్ఞానదంతాలు తీసినప్పుడు ఒక్కరికి ఇన్‌ఫెక్షన్ తప్పించాలంటే దాదాపు పందొమ్మిది మందికి యాంటీబయాటిక్ ఇవ్వాలి. మిగతా పద్దెనిమిది మందికి ఆ లాభం లేదు, విరేచనాలు, దద్దుర్లు, మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరిగే నష్టం మాత్రం అందరికీ ఉంది. మన దేశంలో నోళ్ళు అంత శుభ్రంగా ఉండవు, షుగరు ఎక్కువ, ముందుజాగ్రత్తగా వేసుకుంటే తప్పేమిటని వాదించవచ్చు. ఆ వాదనలో కొంత పస ఉంది, షుగరు అదుపులో లేనివాళ్ళకు, జ్వరంతో వాపు పాకుతున్నవాళ్ళకు ఇవ్వాల్సిందే. కృత్రిమ గుండె కవాటం ఉన్నవాళ్ళకు పన్ను తీయడానికి గంట ముందే మోతాదు పడాలి. అందరికీ ఒకే చీటీ రాయడాన్ని మాత్రం ఆ వాదన సమర్థించదు. ఊడిన గడ్డను ఏ క్యాప్సూలూ తిరిగి పెట్టలేదు.

డాక్టరుకు ముందే చెప్పవలసినవి కొన్నున్నాయి. గుండెకు ఆస్పిరిన్ వాడుతుంటే సొంతంగా ఆపేయకూడదు. పన్ను తీసిన చోట కారే రక్తాన్ని ఒత్తిడితో ఆపవచ్చు, మందు ఆపినందువల్ల గుండెలో గడ్డకట్టే రక్తాన్ని అలా ఆపలేం. ఎముకలు గుల్లబారినందుకు జొలెడ్రానిక్ యాసిడ్ లాంటి ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్ళకు, దవడకు రేడియేషన్ జరిగినవాళ్ళకు పన్ను తీసిన చోట ఎముక మానకుండా చచ్చిపోయే ప్రమాదం ఉంది.

ఇవేవీ పాటించకుండానే మా వాళ్ళందరికీ మానిపోయిందని అనేవాళ్ళు ఉంటారు. అది అబద్ధం కాదు, నూటికి తొంభై అయిదు మందికి అలాగే మానుతుంది. మిగిలిన వాళ్ళు పడే నొప్పి ఎలాంటిదో తెలిస్తే ఆ మాట అంత తేలిగ్గా అనలేం. డ్రై సాకెట్ మొదటి రోజు కనిపించదు. రెండో రోజు కాస్త బాగుందనుకున్నాక, రెండు నుంచి నాలుగో రోజు మధ్య, చెవిదాకా కణతదాకా లాగే పోటు మొదలవుతుంది. నోట్లో దుర్వాసన, చేదు, మామూలు మాత్రలకు లొంగని బాధ. డాక్టరు పాడుచేశాడని కోపం వస్తుంది, లేదా భరించాలేమో అనుకుని ఇంట్లోనే కూర్చుంటారు. ఈ రెండూ అక్కర్లేదు. గుంతను మెల్లగా కడిగి, లవంగనూనె సారం కలిసిన మందు పెడితే గంటలోపే ఊరట దొరుకుతుంది, అవసరమైతే ఒకటి రెండు రోజుల తర్వాత మళ్ళీ పెడతారు. జ్వరం, దవడ కిందికి పాకే గట్టి వాపు, నోరు తెరవలేకపోవడం, మింగడానికో ఊపిరికో కష్టం మాత్రం వేరు. అప్పుడు అర్ధరాత్రయినా పెద్ద ఆసుపత్రికి వెళ్ళాలి.

ఈ మూడు రోజులూ వైద్యంలో భాగమే అయినప్పుడు క్లినిక్కులు వాటికి ఇచ్చే సమయం మారాలి. ఇప్పుడు జాగ్రత్తలన్నీ చెప్పేది పన్ను తీసేశాక, నోటినిండా గుడ్డతో, మత్తుతో, అడగడానికి మాటరాని మనిషికి. ఆ మాటలు సూది వేయకముందు చెప్పాలి, వెంట వచ్చిన వాళ్ళను లోపలికి పిలిచి వినిపించాలి, తెలుగులో అచ్చువేసిన ఒక కాగితం చేతికివ్వాలి. చదువురాని వాళ్ళకు వాట్సాప్‌లో నిమిషం నిడివి మాట పంపినా చాలు. క్లినిక్ నుంచి ఒక్క ఫోనే చేయగలిగితే మర్నాడు కంటే మూడో రోజున చేయడం మేలు, డ్రై సాకెట్ పోటు బయటపడే రోజు అదే కాబట్టి.